పంచె మీద ఐదు బోల్టులు

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. వృత్తాల పాఠం తొమ్మిదిలో ఉంటుందట. ఈ సంగతి నాకు నలభై దాటాక, పక్కింటి పాప లెక్కల పుస్తకం ఊరికే తిరగేస్తుంటే తెలిసింది. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. ఇంకొక్క ఏడాది ఆ బెంచీ మీద ఓపిక పట్టి ఉంటే, గుండ్రంగా ఉన్నవన్నీ ఒకటి కావని ప్రభుత్వమే నాకు ఉచితంగా చెప్పి ఉండేది. ఆ పాఠం ఆత్మకూరులో ఒక టైర్ల షాపు ముందు, పట్టుచీర కట్టుకున్న భార్య ఎదురుగా నిలబడి నేర్చుకోవాల్సిన అవసరం ఉండేది కాదు.

నాకు జీపు తోలడం తప్ప వేరే పని రాదు. అది కూడా రాదనేవాళ్ళు ఉదయగిరిలో ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది నా జీపు ఎక్కి దిగినవాళ్ళే కాబట్టి నేను వాదన పెట్టుకోను. బస్సు పోని కొండదారి పల్లెలకు మనుషుల్ని, ఎరువుల మూటల్ని, ఒకసారి పెళ్ళికొడుకును, ఒకసారి రెండు పొట్టేళ్ళను, ఇంకోసారి ముగ్గుర్నీ కలిపి మోసింది నా పాత జీపు. దానికి మంచి రోజుల్లో ముచ్చటపడి వెండిలా మెరిసే అల్లాయ్ చక్రాలు వేయించాను. నా పెళ్ళిలో నేను కూడా అంత మెరవలేదు. ఫొటోలు ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు.

చివరికి ఆ జీపు తుక్కుకు పోయింది. పోయేముందు నాలుగు చక్రాలూ ఊడదీసి ఇంటికి తెచ్చుకున్నాను. వాటి నట్లు కూడా ఒక ఊరగాయ సీసాలో పోసి అటక మీద దాచాను. చక్రాలు మాత్రం మా సంసారంలో కలిసిపోయాయి. ఒకటి నీళ్ళ డ్రమ్ము కిందికి చేరింది. రెండింటి మీద మా ఆవిడ పలక వేసి వసారాలో బల్ల చేసింది. నాలుగో దాంట్లో గడ్డి పరిచి కోడిపెట్టను పొదగేసింది. మా కోడిపిల్లలు వీధిలో అంత జోరుగా పరిగెత్తడానికి కారణం అవి అల్లాయ్ చక్రంలో పుట్టడమేనని నేను అందరికీ చెప్పేవాణ్ణి. మా ఆవిడ మాత్రం, ఇన్నాళ్ళకు ఆ చక్రాలు ఒక చోట కుదురుగా ఉన్నాయి, నువ్వు కూడా వాటిని చూసి నేర్చుకోమనేది.

పోయిన ఏడాది మళ్ళీ ఒక జీపు కొన్నాను. ఒకరు వాడిందే గాని మోడల్ కొత్తది. అదే కంపెనీ, అదే ముక్కు, అదే గొంతు. చక్రాలు మాత్రం నల్లటి ఇనపవి. చూసినప్పుడల్లా నాకు పెళ్ళికొడుకు పీటల మీదికి హవాయి చెప్పులతో వచ్చినట్టు అనిపించేది. నా వెండి చక్రాలు దీనికి వేస్తానని బస్టాండు దగ్గర టీ కొట్టులో ప్రకటించాను. పాతది, కొత్తది ఒకే వంశం, మేనరికం లాంటి సంబంధం, కుదరకపోవడమేంటి అన్నాను.

ఆ కొట్లో నా స్నేహితుడు ఒకడు రోజూ నాతో టీ తాగుతాడు. కొయ్య గరిటెలు, స్పూన్లు చెక్కడం వాడి పని. మా ఊరి స్పూను చూసినవాళ్ళకు తెలుసు, అది తినడానికి కాదు, అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి. వాడు గ్లాసు దించి అన్నాడు:

"గరిటె చెక్కేటప్పుడు మేము వెడల్పొకటే చూడంరా. గుంట లోతు గూడా చూస్తాం. నీ చక్రం లోపల ఎంత గుంట ఉండాదో చూసినావా?"

నేను గరిటెకూ చక్రానికీ పోలికేంట్రా అని నవ్వాను. కొట్లో అందరూ నవ్వారు. నవ్వించడం నాకు చేతనవును. వినడమే రాదు.

ఇక్కడ కలువాయి సంగతి చెప్పాలి. మా బావమరిది అక్కడ ఇల్లు కట్టాడు. నాలుగేళ్ళ పాటు గోడ గోడా లేపుకుంటూ వచ్చాడు. తల్లి చిన్నప్పుడే పోతే వాణ్ణి ఎత్తుకుని పెంచింది మా ఆవిడే, అప్పటికి తనకూ పట్టుమని పదేళ్ళు లేవు. గృహప్రవేశంలో పొయ్యి వెలిగించి పాలు పొంగించాల్సింది ఇంటి ఆడపడుచు. ఉన్నది ఒక్క అక్కే. ముహూర్తం పది గంటల నలభై నిమిషాలకు. మా ఆవిడ నెల ముందే పాలకోసం ఇత్తడి గిన్నె కొని, రెండు రోజులకొకసారి చింతపండుతో తోమి పెట్టింది. తమ్ముడికి జరీ అంచు పంచె తీసి సంచిలో పెట్టింది. ఆ నెలంతా ఇంట్లో ఆ గిన్నెకు ఉన్న మర్యాద నాకు లేదు.

నాకు కూడా ఒక కోరిక ఉండేది. కలువాయిలో చుట్టాలందరి ముందు నా జీపు వెండి చక్రాల మీద దిగాలి. అంతే. పెద్ద కోరికేం కాదు. మనిషిని ముంచేవి ఎప్పుడూ ఇలాంటి చిన్నవే.

బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం కొలత తీద్దామని కూర్చున్నాను. ఇనప చక్రం ఒకటి ఊడదీస్తే ఐదు బోల్టులు బయటికి పొడుచుకుని కనిపించాయి. వీటి మధ్య ఎడం, నా పాత చక్రం బెజ్జాల మధ్య ఎడం ఒకటేనా కాదా చూడాలి. టేపు పెట్టి చూస్తే ప్రతిసారీ ఒక్కో లెక్క వచ్చింది. ఐదు కాబట్టి దేనికి ఎదురుగా ఏదీ ఉండదు. నాలుగైనా, ఆరైనా నేను గట్టెక్కేవాణ్ణి. అప్పుడు జీపు పూజ చేసినప్పుడు మిగిలిన కుంకుమ పొట్లం డాష్‌బోర్డులో కనపడింది. బుద్ధి వెలిగింది. ఆ కుంకుమను కాస్త గ్రీజులో కలిపి ఐదు బోల్టుల కొసలకూ బొట్లు పెట్టాను. వసారా బల్ల మీద సంచిలోంచి తెల్లగుడ్డ మడత కనపడితే లాగి, బోల్టుల మీద పరిచి, అరచేత్తో అదిమాను. ఐదు ఎర్రటి చుక్కలు గుండ్రంగా అచ్చుపడ్డాయి. గుడ్డ తెచ్చి, బల్ల పలక కాస్త జరిపి, కింది పాత చక్రం మీద పరిస్తే ఐదు చుక్కలూ ఐదు బెజ్జాల్లో కూర్చున్నాయి. ఒక్కటి కూడా పక్కకు జరగలేదు.

ఆ సంతోషంలో గుడ్డ గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాను. అప్పుడు కనపడింది జరీ అంచు.

కుంకుమ ఒక్కటే అయితే ఉతికితే పోయేది. గ్రీజుతో కలిపాక అది సబ్బు మాట వినదు. రెండుసార్లు రుద్ది చూశాను, చుక్కలు ఇంకొంచెం లావయ్యాయి. చుక్కలు లోపలికి పోయేట్టు మడిచి, ఇస్త్రీ గీత మీద గీత పెట్టి, సంచిలో ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. నిజానికి నేను ఆ రోజు పెద్దగా భయపడలేదు. చక్రాలు సరిపోయాయి, పంచె సంగతి తర్వాత చూద్దాం అనుకున్నాను.

సాయంత్రం డ్రమ్ము దించి ఒకటి, బల్ల విప్పి రెండు చక్రాలు తీశాను. నాలుగోదానికి కోడిపెట్టతో యుద్ధం అయింది. గుడ్లతో సహా దాన్ని గంపలోకి మార్చేలోపు నా ముంజేతి మీద మూడుచోట్ల పొడిచింది. ఆ తర్వాత జరిగింది తలచుకుంటే, మా ఇంట్లో ముందుచూపు ఉన్నది ఆ పెట్టకేనేమో.

మర్నాడు తెల్లవారుతుండగా బయల్దేరాం. ఆత్మకూరులో ఒక్క అరగంట ఆగి చక్రాలు మార్పించుకుని పోదామన్నాను. మా ఆవిడ ఒళ్ళో ఇత్తడి గిన్నె పెట్టుకుని నా వైపు చూసింది.

"అరగంటంటే నీ అరగంటా, గడియారం అరగంటా?"

గడియారం అరగంటే అని ఒట్టేశాను.

ఏడున్నరకు టైర్ల షాపు తెరిచారు. షాపాయన యాభై దాటిన మనిషి, బక్కపల్చన, కళ్ళజోడు ముక్కు చివర. ఆయనకొక పద్ధతి ఉంది. ఇనప చక్రం నుంచి టైరు ఊడదీస్తాడు, వేరే చక్రానికి ఎక్కిస్తాడు, జీపుకు బిగిస్తాడు, చేత్తో తిప్పి చెవి పెట్టి వింటాడు. అదయ్యాకే రెండోది ముట్టుకుంటాడు. ఒక్కోటి అలాగే చూసుకుంటూ పోదామన్నాడు. నాకేమో ముహూర్తం తరుముతోంది. నాలుగూ ఒక్కసారే విప్పి, నాలుగు టైర్లూ ఒక్కసారే మార్చేస్తే గంట కలిసొస్తుందని పట్టుపట్టాను. కొలత తీశావా అని అడిగాడు. మా ఆవిడ నీళ్ళు తాగడానికి పక్కకు పోయినప్పుడు సంచిలోంచి పంచె తీసి, మడత విప్పి చూపించాను.

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఇదేంది, ముగ్గా?"

బోల్టుల కొలత అని, పాత చక్రానికి అచ్చు గుద్దినట్టు సరిపోయిందని చెప్పాను.

"బోల్టులు సరిపోయినాయి, సరే. ముందర బ్రేకుకు లోపల జాగా చాలిద్దో లేదో ఈ పంచెలో యాడుండాది అబ్బయా?"

ఆయన గరిటెలు చెక్కేవాడి మాటే ఇంకోలా అంటున్నాడని నాకు తట్టలేదు. ఒకే కంపెనీ అన్నాను, ఒకే వంశం అన్నాను, మేనరికం కూడా అన్నాను. ఆయన నాతో వాదించడం కంటే టైర్లు విప్పడమే తేలికనుకున్నాడు. నాలుగు మూలలా జీపును ఎత్తి దిమ్మెలు పెట్టి, నేను చెప్పినట్టే నాలుగూ ఊడదీశాడు. మా ఆవిడ టైర్ల దొంతర మీద తుండుగుడ్డ పరుచుకుని, పట్టుచీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారినపోయేవాళ్ళు ఆగి, టైర్ల షాపులో ఏం వ్రతమో అన్నట్టు చూసి పోయారు.

వెనక చక్రాలు రెండూ వెన్నలో వేలు దిగినట్టు ఎక్కాయి. ఊరగాయ సీసాలో దాచిన నట్లు బిగిశాయి. ఎండ పడి తళుక్కుమన్నాయి. నేను ఈల వేశాను. మా ఆవిడ కూడా ఒక్క క్షణం గిన్నె మర్చిపోయి, బాగుండాయిలే అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నోటి నుంచి నాకు వచ్చిన పెద్ద పొగడ్త అది, అదీ చక్రాలకు.

ముందు చక్రం ఎక్కించాడు. బోల్టుల్లోకి దిగింది. నట్లు బిగించాడు. చేత్తో తిప్పాడు. కదల్లేదు. రెండు చేతులూ వేసి తిప్పాడు. కర్రుమని శబ్దం వచ్చి ఆగిపోయింది. ఆయన టార్చి వేసి నన్ను వంగి చూడమన్నాడు. ముందు చక్రాల బ్రేకుకు ఒక రేకు పళ్ళెం ఉంటుంది, దాన్ని పట్టి ఆపే ఇనప పంజా ఒకటి ఉంటుంది. కొత్త మోడల్‌కు ఆ పంజాను పెద్దది చేశారు. నా పాత చక్రం కడుపు ఆ పంజాకు చాలలేదు. వెనక బ్రేకు చిన్నది కాబట్టి అక్కడ ఇబ్బంది రాలేదు.

కొంచెం రుద్దితే సరిపోదా అని అడిగాను. బ్రేకును రుద్దమనే మాట ఇంకో షాపులో చెప్పుకోమన్నాడు. పోనీ చక్రాన్ని లోపల రుద్దితే అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాడు, నేను నోరు మూసుకునేదాకా.

టైము తొమ్మిది దాటింది. ఆత్మకూరు నుంచి కలువాయికి నా జీపులో దాదాపు గంట. జీపు ముందు భాగం దిమ్మెల మీద ఉంది. టైర్లు నాలుగూ వెండి చక్రాలకు ఎక్కి ఉన్నాయి, ఇనప చక్రాలు నాలుగూ ఒట్టివిగా గోడకు చేరగిలపడి ఉన్నాయి. ఒక్కో టైరు ఊడదీసి మళ్ళీ ఎక్కించడానికి పావుగంట. కలువాయి పోయే బస్సు అప్పుడే వెళ్ళిపోయిందని పక్క కొట్టువాళ్ళు చెప్పారు. జోకులు వేయడానికి నా దగ్గర ఎప్పుడూ సరుకు అయిపోదు. ఆ పూట మాత్రం అయిపోయింది. మా ఆవిడ మొహం చూడలేక ఆ గిన్నె వంక చూశాను. తోమి తోమి అద్దంలా చేసింది కదా, అందులో నా మొహమే కనపడింది.

ఆమె అరవలేదు. టైర్ల మీద నుంచి లేచి షాపాయన్ని అడిగింది, ముందరి రెండూ ఇనపవే బిగించి, వెనకవి ఇట్లానే వదిలేస్తే బండి పోతుందా అని. టైర్ల సైజు ఒకటే కాబట్టి పోతుందన్నాడాయన. ముందర నల్లవీ వెనక తెల్లవీ అయితే, ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు వేసుకున్నట్టు ఉంటుందే అని నేను గొణిగాను.

"వచ్చినోళ్ళు చూసేది మా తమ్ముడి ఇల్లు. నీ జీపును కాదు," అంది ఆమె.

షాపాయన అరగంటలో రెండు చక్రాలూ తన పద్ధతిలోనే చేశాడు, ఒకటి బిగించి తిప్పి విన్నాకే రెండోది. ఈసారి నేను పక్కన నిలబడి జాకీ అందించాను, గొంతు అందించలేదు. బయల్దేరేటప్పుడు ఆయన ఒక్క మాట చెప్పాడు. "నాలుగు చక్రాలూ లాగే ఆ ఫోర్ వీల్ గేరు వెయ్యబాక అబ్బయా. నిదానంగా పో." మా ఆవిడకు మాత్రం ఏమ్మా, పాలు పొంగుతాయిలే, పో అన్నాడు.

నిదానంగా పొమ్మన్న మాట, పది నలభై ముహూర్తం, ఈ రెంటి మధ్య పెన్న దాటాను. అడ్డమొచ్చిన గొర్రెల మందలకు దండం పెట్టాను. పక్కన ఆమె గిన్నెను రెండు చేతులతో పట్టుకుని రోడ్డు చూస్తోంది. ఒక్కసారి కూడా టైమెంత అని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

కలువాయిలో వీధి మొదట్లోనే మా బావమరిది రోడ్డు మీద నిలబడి ఉన్నాడు, చెప్పులు కూడా లేకుండా. లోపల అయ్యవారు తొందర పెడుతున్నారట. పిన్నమ్మ వరసావిడ ఒకామె ఉంది, ఆమె చేత పొంగించేద్దాం అని పెద్దవాళ్ళు అంటున్నారట. వీడేమో అక్క రాందే పొయ్యి ముట్టించేది లేదని చెప్పి బయటికొచ్చి నిలబడ్డాడు. నేను బ్రేకు వేసేలోపే ఆమె దూకి, గిన్నె చంకన పెట్టుకుని, ఆ చీరలో నేనెప్పుడూ చూడనంత వేగంగా లోపలికి పోయింది. ముహూర్తానికి మూడు నిమిషాలు ఉన్నాయి. నేను జీపు ఇంటి ముందు ఆపి, జనాన్ని దాటుకుని గుమ్మంలోకి చేరేసరికి పాలు అంచు దాకా లేస్తున్నాయి. పొంగి గిన్నె పక్కలమ్మటి జారి పొయ్యిలో చుయ్యిమన్నాయి. వాడు అక్క వెనక నిలబడి చిన్నపిల్లాడిలా చీర కొంగు పట్టుకున్నాడు. వాడికి ముప్పై రెండేళ్ళు. ఇద్దరూ ఏడుస్తున్నారు. నేను పొగ అన్నట్టు కళ్ళు తుడుచుకున్నాను.

నేను మర్చిపోయిన సంగతి నన్ను మర్చిపోలేదు. బట్టలు పెట్టే వేళయింది. కొత్తబట్టకు ఒక మూల పసుపు పెట్టి ఇవ్వడం వాడుక. మా ఆవిడ పీట మీద కూర్చున్న తమ్ముడి ముందు పంచె మడత విప్పింది. నడిమధ్యన ఐదు ఎర్రటి చుక్కలు, చుట్టూ గ్రీజు నీడ. ఆమె చుక్కలు చూసింది, నన్ను చూసింది, గుమ్మంలోంచి కనపడుతున్న జీపు చక్రాన్ని చూసింది. అంతా అర్థమైపోయింది. అప్పుడు ఆమె చేసిన పని నేను ఇప్పటికీ తలచుకుంటాను. వేలు పసుపులో ముంచి, ఆ ఐదు చుక్కల మధ్య ఒక పెద్ద పసుపు బొట్టు పెట్టింది. ఎర్ర రేకుల పువ్వు అయిపోయింది.

ఒక ముసలామె, ఇదేం బొట్టు, మా వైపు ఇట్లా చూళ్ళేదే అంది. ఉదయగిరి పద్ధతి అవ్వా, ఐదు బొట్లు పెడతామని నేను అందుకున్నాను. ఆమె నమ్మింది. తర్వాత తన మనవడి బట్టలకు కూడా అలాగే పెట్టించిందని విన్నాను. ఒక ఊరికి ఆచారం నేర్పిన ఘనత మా వంశంలో నాకే దక్కింది.

బావమరిది పంచె అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మీ ఊరి కుంకుమ గ్రీజు వాసనొస్తాందే బావా," అన్నాడు నాకొక్కడికే వినపడేట్టు. అయినా ఆ రోజంతా అదే కట్టుకుని తిరిగాడు, పువ్వు మోకాలి మీదికి వచ్చేట్టు. భోజనాల దగ్గర ముందు నల్ల, వెనక తెల్ల చక్రాల జీపును వచ్చినవాళ్ళకు వాడే దగ్గరుండి చూపించాడు. మా బావ రెండు జీపుల్లో వచ్చినాడని, ముందర ఒకటి, వెనక ఒకటి అని చెప్పాడు. నేను పచ్చిపులుసు కలుపుకుంటూ విననట్టు ఉన్నాను.

తిరుగు దారిలో షాపాయన దగ్గర వెనక చక్రాలు కూడా ఇనపవి వేయించుకున్నాం. వెండి చక్రాలు నాలుగూ ఇంటికొచ్చి ఎక్కడివక్కడ చేరాయి, ఒకటి డ్రమ్ము కిందికి, రెండు బల్ల కిందికి. మర్నాడు పొద్దున నాలుగోదాంట్లో గడ్డి పరిచి, గుడ్లు ఒక్కోటీ పెట్టి, కోడిపెట్టను దించుతున్నాను. మా ఆవిడ పక్కనే కూర్చుని ఇత్తడి గిన్నె మాడు తోముతోంది. దారంతా ఒక్క మాట అనలేదు కాబట్టి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అయినా నా తప్పేముంది, ఐదుకు ఐదు బెజ్జాలూ కలిశాయి, అంత బాగా కలిసినదాన్ని చూస్తే తిరగదని ఎవరైనా అనుకుంటారా అన్నాను.

ఆమె గిన్నె మీద నుంచి తల ఎత్తకుండానే అంది:

"మన జాతకాలు గూడా అన్నీ కలిసినాయనే మా నాయన నన్ను నీకిచ్చినాడు. అప్పుడు గూడా ఒకసారి తిప్పి చూసినోళ్ళు లేకపోయినారు."